కంట్రోల్-జెడ్ దగ్గర మొదలైన పాఠం: ఈమ్యాక్స్‌కి తెలుగు ట్యుటోరియల్ తయారు చేసిన అనుభవం

శనివారం మధ్యాహ్నం. గోదావరి జిల్లాల్లో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు. బీఎస్సీ రెండో సంవత్సరం పిల్లలు పద్నాలుగు మంది. అందరి ముందూ ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిచి ఉంది, అందులో నేను తెలుగులోకి మార్చిన ట్యుటోరియల్ ఉంది. మొదలుపెట్టి ఐదు నిమిషాలైనా కాలేదు, మూడో వరసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"సార్, నాది పోయిందండి."

"ఏం పోయిందమ్మా?"

"మొత్తం పోయిందండి."

వెళ్ళి చూస్తే నిజంగానే తెర మీద ఈమ్యాక్స్ లేదు. ఖాళీ డెస్క్‌టాప్ ఉంది. ఆ అమ్మాయి ఒక అక్షరం తప్పు కొట్టి, దాన్ని వెనక్కి తీసుకుందామని కంట్రోల్-జెడ్ నొక్కింది. చిన్నప్పటి నుంచి వాడిన ప్రతి ప్రోగ్రాంలోనూ అది అన్‌డూ. ఈమ్యాక్స్‌లో మాత్రం అది "కాసేపు పక్కకు తప్పుకో" అని చెప్పే కీ. డెస్క్‌టాప్‌లో అయితే మినిమైజ్ అయిపోతుంది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో అయితే ప్రోగ్రాం ఆగి, తర్వాతి కమాండ్ కోసం ఎదురుచూసే షెల్ ప్రాంప్ట్ వస్తుంది. కింద టాస్క్‌బార్‌లో ఉందమ్మా అని చూపించి వెనక్కి వచ్చేలోపు ఇంకో ఇద్దరు పిలిచారు. వాళ్ళదీ అదే కథ.

నేను మూడు వారాలు కూర్చుని జాగ్రత్తగా తెలుగులోకి రాసిన పాఠంలో కంట్రోల్-జెడ్ ప్రస్తావన చాలా కింద ఉంది, ఎడిటర్ నుంచి బయటికి రావడం గురించి చెప్పే చోట. అక్కడికి చేరేలోపే పిల్లలు దాన్ని నొక్కేశారు. పాఠం ఎక్కడ మొదలవ్వాలని నేను అనుకున్నానో అక్కడ మొదలవలేదు. వాళ్ళకి దెబ్బ తగిలిన చోట మొదలైంది.

తర్వాత నేను చేసిన మార్పులన్నీ ఆ శనివారం నుంచే వచ్చాయి. ఇలాంటి పని మొదలుపెట్టే మరొకరికి పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పాత ట్యుటోరియల్‌లో ఉన్న మంచి

ముందుగా ఒక మాట. ఈమ్యాక్స్‌తో పాటు వచ్చే ట్యుటోరియల్ మీద నాకు చాలా గౌరవం ఉంది. కంట్రోల్-హెచ్ నొక్కి, వదిలి, టీ నొక్కితే తెరుచుకుంటుంది. 1976లో ఎమ్ఐటీలో టెకో అనే పాత ఎడిటర్ మీద మాక్రోల, అంటే ఒక్కసారిగా నడిచే ఆదేశాల వరసల, కట్టగా ఈమ్యాక్స్ పుట్టింది. ఆ తొలి ఈమ్యాక్స్ కోసం స్టువర్ట్ క్రాక్రాఫ్ట్ రాసిన పాఠం నుంచే ఇప్పటి ట్యుటోరియల్ వంశం దిగివచ్చిందని ఆ ఫైలు చివరే రాసి ఉంటుంది. 1985 నుంచి గ్నూ ఈమ్యాక్స్ జనంలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎడిటర్ ఎంత మారినా ఆ పాఠం పద్ధతి పెద్దగా మారలేదు.

అందులో నాకు బాగా నచ్చింది, పాఠం ఒక మామూలు ఫైలు కావడం. చదువుతున్నదాన్నే చెరపవచ్చు, దిద్దవచ్చు, పాడు చేయవచ్చు. ఎడమ అంచులో రెండు బాణం గుర్తులు కనిపిస్తే "ఇప్పుడు నువ్వు చేసి చూడు" అని అర్థం. ఇంకో చిన్న ముచ్చట ఉంది. పాఠం తెరిచేటప్పుడు ఈమ్యాక్స్ మీ తెర ఎత్తును బట్టి మధ్యలో ఖాళీ లైన్లు చేర్చి, తర్వాతి భాగం తెర కిందికి పోయేలా చేస్తుంది. ఖాళీ కావాలనే వదిలామని అక్కడ రాసి కూడా పెడుతుంది. కంట్రోల్-వీ నొక్కితే తప్ప ముందుకు చదవలేరు. అంటే తెర జరపడం నేర్చుకోవలసిన అవసరాన్ని పాఠమే కల్పిస్తుంది. నేర్పాలని తపన ఉన్నవాళ్ళకే తట్టే ఆలోచన అది.

2007లో వచ్చిన 22వ వెర్షన్ నుంచి అది ఇంకొంచెం తెలివైనది అయింది. మీరు ఏ కీనైనా మీకు నచ్చినట్టు మార్చుకుని ఉంటే, పాఠంలో ఆ కీ వచ్చిన చోట "ఇది మీ దగ్గర వేరేగా ఉంది" అని గుర్తు చూపిస్తుంది. సగంలో ఆపితే, ఎక్కడ ఆపారో దాచుకోమంటారా అని అడుగుతుంది.

దానికి తెలియనిది ఒక్కటే. మీరు చెప్పిన పని చేశారో లేదో దానికి తెలియదు. బాణం గుర్తు పక్కన "నాలుగు లైన్లు కిందికి వెళ్ళండి" అని ఉంటుంది. వెళ్ళినా, వెళ్ళకపోయినా పాఠం మౌనంగానే ఉంటుంది. విమ్ అనే మరో ఎడిటర్‌తో వచ్చే విమ్‌ట్యూటర్ పాఠం ఒక అడుగు ముందుకేసింది. తప్పులున్న లైను ఇచ్చి, కింద సరైన లైను చూపించి, ఆ రెండూ ఒకేలా అయ్యేదాకా దిద్దమంటుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో అయితే అలాంటి లైను పక్కన తప్పు గుర్తు ఉండి, దిద్దగానే టిక్కు పడుతుంది. ఆ టిక్కు ఎంత పని చేస్తుందో పిల్లల పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఒక్క టిక్కు కోసం ఇంకో పది నిమిషాలు ఓపికగా ప్రయత్నిస్తారు.

మొదటి ప్రయత్నం: అనువాదం

నేను మొదలుపెట్టినప్పుడు ఆ ట్యుటోరియల్ ఇరవైకి పైగా భాషల్లో ఉంది, తెలుగులో లేదు. తెలుగు వేరే చోట్ల ఉంది. కంట్రోల్-హెచ్ నొక్కి మళ్ళీ హెచ్ నొక్కితే ప్రపంచ భాషల్లో పలకరింపుల పట్టీ తెరుచుకుంటుంది, అందులో మన నమస్కారం కూడా ఉంది. ఆ పలకరింపు చూసి ల్యాబులో పిల్లలు నవ్వుతూ ఒకరికొకరు చూపించుకున్నారు. పాఠం కూడా తెలుగులో ఉంటే సరిపోతుందని నేను అనుకున్నాను.

అనువాదంలో మొదటి చిక్కు మాటలతో వచ్చింది. "కీ"ని మీట అనాలా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. మీట మంచి మాట. కానీ ల్యాబులో ఎవరూ అలా అనరు. "కంట్రోల్ పట్టుకుని వీ కొట్టు" అంటారు. నేను "కంట్రోల్ పట్టుకుని వీ నొక్కండి" దగ్గర ఆగాను. ఈమ్యాక్స్ పత్రాల్లో మెటా అనే కీ ఉంటుంది. అది ఏనాటివో వేరే కీబోర్డుల నుంచి వచ్చిన పేరు, ఇప్పటి కీబోర్డు మీద ఎక్కడా కనబడదు. దాన్ని ఆల్ట్ అనే రాశాను. విండో, ఫ్రేమ్ మాటలు ఇంకా ఇబ్బంది. మనం మామూలుగా విండో అనేదాన్ని ఈమ్యాక్స్ ఫ్రేమ్ అంటుంది. ఆ ఫ్రేమ్‌ని ముక్కలు చేస్తే వచ్చే ఒక్కో ముక్కను విండో అంటుంది. వీటికి తెలుగు మాటలు పుట్టించడం మానేసి, తెరను రెండు ముక్కలు చేయించి, "ఈ ముక్క పేరు ఇక్కడ విండో" అని చూపించాను. చేతితో చేశాక పేరు దానంతటదే నిలిచింది.

రెండో చిక్కు కీలు రాసే పద్ధతిది. ఫైలు తెరవాలంటే కంట్రోల్-ఎక్స్, ఆ తర్వాత కంట్రోల్-ఎఫ్. చాలామంది మొదటిదానికి కంట్రోల్ పట్టుకుని, రెండోదానికి వదిలేసి ఉత్త ఎఫ్ నొక్కారు. అప్పుడు ఈమ్యాక్స్ లైను వెడల్పు ఎంత పెట్టమంటారని కింద అడుగుతుంది. ఫైలు పేరు అడుగుతోందనుకుని వాళ్ళు పేరు కొడతారు, అది ఒప్పుకోదు. అక్కడి నుంచి మౌస్‌తో పైన నొక్కి బయటపడాలని చూస్తారు. ప్రశ్న మాత్రం కిందే కూర్చుని ఉంటుంది. మధ్యలో ఉన్న పనిని రద్దు చేసే కంట్రోల్-జీ గురించి పాఠంలో చెప్పాను, నిజమే. కానీ మౌస్‌తో పైకి వచ్చేశాక కంట్రోల్-జీ ఆ ప్రశ్నను వదిలించకపోవచ్చు. ఎస్కేప్ మూడుసార్లు నొక్కడం అన్నిటికంటే నమ్మకమైన దారి. అది నా అనువాదంలో ఎక్కడో ఉంది. ముందు ఉండాల్సింది.

తెలుగు కీబోర్డు చేసిన పని

మూడో చిక్కు నేను అసలు ఊహించలేదు. ఇద్దరు పిల్లలు తెలుగులో కొట్టడానికి సిస్టంలోనే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్ చేసుకున్నారు. తెలుగు పాఠం కదా, తెలుగు కీబోర్డు ఉండాలనుకున్నారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎక్స్ ఉన్న చోట సున్నా (ం) ఉంటుంది, వీ ఉన్న చోట న ఉంటుంది. వాళ్ళు కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఈమ్యాక్స్‌కి చేరేది కంట్రోల్-సున్నా. అలాంటి కమాండ్ లేదని కింద చెబుతుంది. ఏ కీ నొక్కినా అదే జవాబు. ఆ ఇద్దరూ "మా సిస్టం పాడైంది సార్" అన్నారు.

దీనికి మంచి పరిష్కారం ఈమ్యాక్స్ లోపలే ఉంది. దాని సొంత ఇన్‌పుట్ పద్ధతులు ఉన్నాయి. తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఐట్రాన్స్ కూడా ఉంది. లేఖిని అలవాటున్నవాళ్ళకి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే ఒకప్పటి ఆర్‌టీఎస్ పద్ధతి తెలిసినవాళ్ళకి ఐట్రాన్స్ అరగంటలో పట్టుబడుతుంది. కంట్రోల్ పట్టుకుని వెనక్కి వాలిన గీత నొక్కితే తెలుగు వస్తుంది, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు. ఈ పద్ధతి మామూలు అక్షరాలను మాత్రమే మారుస్తుంది, కంట్రోల్ కీల జోలికి పోదు. సిస్టం లేఅవుట్ ఇంగ్లీషులో ఉంచి, తెలుగును ఈమ్యాక్స్‌కి వదిలేయడం. ఈ ఒక్క వాక్యం ఇప్పుడు మా పాఠంలో మొదటి పేజీలో ఉంది.

చెరపడం నేర్పే భాగం కూడా అనువాదంలో కుదరలేదు. ఇంగ్లీషు పాఠం ఒక బ్యాక్‌స్పేస్‌కి ఒక అక్షరం పోతుందనే లెక్క మీద నడుస్తుంది. "లక్ష్మి" అన్న మాట తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. సరైన ఫాంటు ఉంటే కర్సర్ కూడా రెండు అడుగుల్లో దాటుతుంది. కానీ కంప్యూటర్ దృష్టిలో అవి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. కాబట్టి వెనక నుంచి చెరిపితే ఏడుసార్లు బ్యాక్‌స్పేస్ నొక్కాలి. మొదట గుడి పోతుంది, తర్వాత మ, ఆ తర్వాత పొల్లు. 29వ వెర్షన్ నుంచి డిలీట్ కీ మాత్రం ముందున్న సంయుక్తాక్షరాన్ని మొత్తంగా ఒక్కసారే తీసేస్తుంది. కంట్రోల్-డీ ఇంకా ఒక్కొక్క ముక్కగానే తీస్తుంది.

పిల్లలకి ఇది తప్పులా కనిపించింది. నిజానికి గుణింతం తప్పు కొట్టినప్పుడు, అక్షరం మొత్తం పోకుండా గుడి ఒక్కటే తీసి దీర్ఘం పెట్టుకోవచ్చు. తెలుగు టైపు చేసేవాళ్ళకి అదొక వరం. అందుకే అనువాదంలో ఆ భాగం తీసేసి, "లక్ష్మి"ని "లక్ష్మీ" చేయమని కొత్త పాఠం రాశాను. ఒక్క బ్యాక్‌స్పేస్, ఒక్క దీర్ఘం. చేసి చూశాక ఆ పద్ధతి ఎందుకో ఎవరూ మళ్ళీ అడగలేదు.

తిరగరాయడం

మొదటి శనివారం తర్వాత నన్ను బాగా కదిలించింది, ఎప్పుడో చదివిన ఒక ప్రసంగం. ఈమ్యాక్స్‌ని మార్చుకోవడానికి వాడే ప్రోగ్రామింగ్ భాష లిస్ప్. 2002లో ఆ భాష మీద జరిగిన సమావేశంలో గ్నూ ఈమ్యాక్స్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ మాట్లాడుతూ బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ సంగతి చెప్పారు. 1970ల చివర్లో గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం మీద లిస్ప్‌లో ఒక ఈమ్యాక్స్ రాశారు. ఆయన ఆఫీసులో సెక్రటరీలు కూడా దానికి కొత్త కమాండ్లు రాయడం నేర్చుకున్నారు. వాళ్ళ చేతిలో ఉన్న పుస్తకం ఈమ్యాక్స్‌ని ఎలా పెంచుకోవాలో చెప్పింది, కానీ దాన్ని ప్రోగ్రామింగ్ అనలేదు. ప్రోగ్రామింగ్ తమ వల్ల కాదని నమ్మినవాళ్ళు భయపడకుండా ప్రోగ్రామ్ చేసేశారు.

మా పిల్లలు కంప్యూటర్స్ చదువుతున్నవాళ్ళే. అయినా "ప్రోగ్రామ్ రాయండి" అనగానే ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది. పరీక్షలో సీ ప్రోగ్రామ్ బట్టీ పట్టి రాయడం వాళ్ళకి తెలిసిన ప్రోగ్రామింగ్. కానీ వాళ్ళందరికీ ఆ మధ్యాహ్నం ఒకే కోరిక ఉంది: కంట్రోల్-జెడ్ నొక్కితే ఈమ్యాక్స్ పోకూడదు, తప్పు వెనక్కి పోవాలి. ఆ కోరిక తీర్చడానికి ఒక్క లైను లిస్ప్ చాలు.

అందుకని పాఠం వరస మొత్తం మార్చాను. కర్సర్ కదపడం ఇప్పుడు రెండో భాగం. మొదటి భాగం ఇలా నడుస్తుంది. ముందు పాఠమే "కంట్రోల్-జెడ్ నొక్కి చూడండి, ఈమ్యాక్స్ దాక్కుంటుంది, కంగారు పడకండి, టాస్క్‌బార్‌లో నొక్కి వెనక్కి తెచ్చుకోండి" అంటుంది. వెనక్కి వచ్చాక, "ఎందుకు అలా చేశావని దాన్నే అడుగుదాం" అంటుంది. కంట్రోల్-హెచ్, కే, ఆపైన కంట్రోల్-జెడ్. పక్క ముక్కలో జవాబు వస్తుంది: ఈ కీకి ఫలానా కమాండ్ కట్టి ఉంది, అది ఫలానా పని చేస్తుంది. ఏ కీ గురించి అయినా ఇలా అడగవచ్చు. పాఠంలో నేను నేర్పిన ముఖ్యమైన కీ ఏదని ఎవరైనా అడిగితే, నేను ఇదే చెబుతాను. మిగిలిన కీలన్నీ మర్చిపోయినా, అడగడం తెలిస్తే మళ్ళీ దొరుకుతాయి.

తర్వాత పాఠంలో ఒక లైను రాసి ఉంటుంది, కుండలీకరణాల మధ్య: కంట్రోల్-జెడ్‌ని అన్‌డూకి కట్టు అని దాని అర్థం. ఆ లైను చివర కర్సర్ పెట్టి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ నొక్కమంటుంది. నొక్కాక కంట్రోల్-జెడ్ మళ్ళీ ప్రయత్నించమంటుంది. ఈసారి ఈమ్యాక్స్ కదలదు. తప్పు వెనక్కి పోతుంది. పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది.

రెండో శనివారం ఈ చోట ల్యాబులో ఒక్కసారిగా గోల వచ్చింది. ఒక అబ్బాయి పక్కవాడితో "మనం మార్చేశాంరా" అన్నాడు. ఆ మాట నాకు చాలు అనిపించింది. పాఠంలో ఎక్కడా ప్రోగ్రామింగ్ అన్న మాట లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, తోటి టీచర్ ఒకరు అడిగారు కూడా. ఈమ్యాక్స్‌లో సీయూఏ అనే పద్ధతి ఉంది. దాన్ని ఆన్ చేస్తే కంట్రోల్-జెడ్, కంట్రోల్-సీ, కంట్రోల్-వీ అందరికీ తెలిసినట్టే పనిచేస్తాయి. ముందే ఆన్ చేసి ఇస్తే సరిపోదా? సరిపోతుంది, పిల్లలకి సుఖంగా ఉంటుంది. కానీ నేను ఇస్తే అది నేను మార్చిన ఎడిటర్. ఆ లైను వాళ్ళు నడిపితే అది వాళ్ళు మార్చిన ఎడిటర్. ఈ తేడా కోసం ఆ మొదటి ఇబ్బందిని కావాలనే ఉంచాను. ఇబ్బంది ఒక్క నిమిషమే ఉండాలి, దాని పక్కనే మందు ఉండాలి. ఆ రెండూ కుదరకపోతే సీయూఏ ఆన్ చేసి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

మర్నాడు ఇంకో పాఠం దానంతటదే వచ్చింది. ఈమ్యాక్స్ మూసి తెరిచాక కంట్రోల్-జెడ్ మళ్ళీ పాతలాగే దాచేసింది. "నిన్న మార్చాం కదండీ!" అని ఫిర్యాదు. ఎడిటర్ మొదలయ్యేటప్పుడు చదివే సెటప్ ఫైలు గురించి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. మొదట నేను ఆ రెండు పాఠాలనూ ఒకే రోజు పెట్టాను, తర్వాత కావాలనే విడదీశాను.

టిక్కు వెనక జరిగింది

టిక్కు పెట్టే యంత్రాంగం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా పెద్ద తప్పులు అక్కడే జరిగాయి.

ఈమ్యాక్స్‌లో ప్రతి కమాండ్ పూర్తవగానే నడిచే ఒక కొక్కెం ఉంది, పోస్ట్-కమాండ్-హుక్ అంటారు. దానికి మన ఫంక్షన్ తగిలిస్తే, విద్యార్థి ప్రతి కీ నొక్కిన తర్వాత అది నడిచి చూస్తుంది. ఈమ్యాక్స్‌లో తెరిచి ఉన్న రాతను బఫర్ అంటారు; పాఠం బఫర్‌కి మాత్రమే పరిమితంగా తగిలించాను, వేరే ఫైళ్ళలో పని చేసుకునేటప్పుడు అడ్డు రాకుండా.

మొదట ఏ కీ నొక్కారో చూసి టిక్కు పెట్టాను. అది పొరపాటు. ఒకరు కంట్రోల్-ఎన్ బదులు కింది బాణం కీ వాడారు, సరైన చోటికి వెళ్ళారు, టిక్కు పడలేదు. సరైన పని చేసినా పాఠం ఒప్పుకోకపోతే మనిషికి చిన్నతనంగా ఉంటుంది. అప్పటి నుంచి ఫలితాన్నే చూస్తున్నాను: కర్సర్ ఆ లైనులో ఉందా, ఆ వాక్యం దిద్దినట్టుగా ఉందా, కంట్రోల్-జెడ్‌కి ఇప్పుడు ఏ కమాండ్ కట్టి ఉంది. ఎలా వెళ్ళారన్నది వాళ్ళిష్టం. పాఠంలో కీ పేర్లు కూడా నేరుగా రాయడం మానేశాను. కమాండ్ పేరు రాస్తే, ఆ విద్యార్థి దగ్గర ఆ కమాండ్‌కి ఏ కీ ఉందో ఈమ్యాక్సే చూసి అక్కడ చూపించే సదుపాయం ఉంది. కీలు మార్చుకోమని మనమే నేర్పుతూ పాత కీలు చూపిస్తే ఎలా?

టిక్కును మొదట అక్షరంగా బఫర్‌లోకి చేర్చాను. అన్‌డూ పాఠంలో అది బయటపడింది. విద్యార్థి అన్‌డూ నొక్కితే తన తప్పుకు బదులు నా టిక్కు పోయింది! బఫర్‌లో చేరే ప్రతి అక్షరమూ అన్‌డూ జాబితాలోకి వెళుతుంది. అక్షరాల మీద వేసే రంగుల గుర్తులు కూడా వెళతాయి. ఓవర్‌లే అనే పైపొర మాత్రం వెళ్ళదు. ఇప్పుడు టిక్కులన్నీ పైపొర మీదే ఉంటాయి, విద్యార్థి రాతను అవి ముట్టుకోవు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మరొకటి. నాలుగో శనివారం ఒక అబ్బాయి వెనక వరసలో ఒకే అడుగు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. చెప్పినట్టే చేశాడు, టిక్కు రాలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. నన్ను పిలవలేదు. తనకే రావట్లేదనుకున్నాడు. చూస్తే అతను చేసినదాంట్లో తప్పు లేదు. అతను ఒకసారి బఫర్ చిట్టచివరికి వెళ్ళాడు. అక్కడ కర్సర్ తర్వాత అక్షరం ఏదీ ఉండదు, ఈమ్యాక్స్ "ఏమీ లేదు" అని ఇస్తుంది. నా ఫంక్షన్ ఆ లేనిదాన్ని ఒక అంకెతో పోల్చబోయి ఎర్రర్ ఇచ్చింది. హుక్‌లో ఎర్రర్ ఇచ్చిన ఫంక్షన్‌ని ఈమ్యాక్స్ ఆ హుక్ నుంచి తీసేస్తుంది, లేకపోతే ప్రతి కీకీ ఎర్రర్ వచ్చి ఎడిటరే వాడలేని స్థితి అవుతుంది కాబట్టి. అది సరైన ఏర్పాటే. ఎర్రర్ మాట కింద ఒక్క క్షణం కనబడి తర్వాతి కీతో పోయింది. అక్కడి నుంచి పాఠం చూడటం మానేసింది, ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఆ రాత్రి ఆ ఫంక్షన్‌ని ఎర్రర్లు పట్టుకునే కంచెలో పెట్టాను. ఇప్పుడు తనిఖీలో ఏ పొరపాటు వచ్చినా పాఠం ఇలా చెబుతుంది: "ఈ అడుగును సరిచూడటంలో పాఠానిదే పొరపాటు. మీరు చేసింది సరే అనుకుని ముందుకు వెళ్ళండి." అనుమానం వచ్చినప్పుడు లాభం నేర్చుకునేవాళ్ళకే వెళ్ళాలి. పాఠం రాసేవాళ్ళు ఎవరైనా ఈ ఒక్క వాక్యం ముందే రాసి పెట్టుకోవాలని నా విన్నపం.

కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఈ దగ్గర ఇంకో చిన్న మార్పు అవసరమైంది. లైనులో బ్రాకెట్ ఒకటి పోతేనో, పేరు తప్పు కొడితేనో, ఈమ్యాక్స్ తప్పు ఎక్కడ వచ్చిందో చూపించే డీబగ్గర్ తెరిచి తెర సగం అర్థం కాని రాతతో నింపుతుంది. అనుభవం ఉన్నవాళ్ళకి అది నిధి, మొదటిరోజు మాత్రం భయపెట్టే వస్తువు. క్యూ నొక్కితే పోతుందని ఎవరికి తెలుసు? ఆ మొదటి భాగం వరకు డీబగ్గర్ తెరుచుకోకుండా ఒక సెట్టింగ్ పెట్టాను. మూడో భాగంలో తిరిగి ఆన్ చేసి, అప్పుడు దాన్ని చదవడం నేర్పుతున్నాను.

పాఠం రాతను చెరపకుండా తాళం వేయమని కొందరు సలహా ఇచ్చారు. ప్రయత్నించి మానేశాను. తాళం ఉన్న చోట కీ నొక్కితే ఈమ్యాక్స్ ఒప్పుకోదు, ఎందుకు ఒప్పుకోలేదో కొత్తవాళ్ళకి అర్థం కాదు. దానికి బదులు "ఈ భాగాన్ని మళ్ళీ మొదటిలా చేయి" అనే కమాండ్ ఇచ్చాను. పాడు చేసుకునే స్వేచ్ఛ, బాగు చేసుకునే దారి, రెండూ ఉండాలి.

మాక్రోలు, తేదీ, ఎఫ్5

రెండో భాగంలో కదలడం, వెతకడం, సేవ్ చేయడం ఉంటాయి. అవి ఎక్కడైనా ఉండేవే. ఇక్కడ బఫర్, ఫైలు ఒకటి కావని చెప్పడం ఒక్కటే కష్టం. కొట్టింది డిస్క్‌లోకి వెళ్ళిపోయిందనే నమ్మకం ఫోన్లలో ఆటోసేవ్ వల్ల బలపడిపోయింది.

మూడో భాగం కీబోర్డు మాక్రోలు. ఎఫ్3 నొక్కితే మీరు కొట్టేదంతా రికార్డ్ అవుతుంది, ఎఫ్4 నొక్కితే ఆగుతుంది, మళ్ళీ ఎఫ్4 నొక్కితే అదంతా తిరిగి జరుగుతుంది. రికార్డ్ అవుతుండగా ఇంకోసారి ఎఫ్3 నొక్కితే ఒక అంకె పడుతుంది, తిరిగి నడిపిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. పిల్లలతో వాళ్ళ సొంత ఊళ్ళ పేర్లు లైనుకి ఒకటి చొప్పున కొట్టించి, వాటికి నంబర్లు వేయించాను. సున్నా నుంచి ఎందుకు మొదలైందని అడిగారు. ఆ ప్రశ్నతోనే ఇంకో అరగంట గడిచింది. ఈమ్యాక్స్ పేరులోనే మాక్రోలు ఉన్నాయి, ఎడిటర్ మాక్రోస్ అన్నదాన్ని కుదించి పెట్టిన పేరది. చేతితో చేసిన పనిని యంత్రం చేత మళ్ళీ చేయించడం అంటే ఏమిటో ఆ ఊళ్ళ పట్టీ మీద వాళ్ళకి కనబడింది.

చివరి భాగంలో ప్రతి ఒక్కరూ తమకు కావలసిన కమాండ్ ఒకటి తయారు చేసుకోవాలి. మొదట్లో చెయ్యి ఎత్తిన అమ్మాయి సాయంత్రాలు వాళ్ళ మావయ్యగారి డీటీపీ షాపులో పని చేస్తుంది. దరఖాస్తుల్లో ఆ రోజు తేదీ, రోజు-నెల-సంవత్సరం వరసలో, రోజుకి ఎన్నోసార్లు కొట్టాలట. మూడు లైన్ల ఫంక్షన్ రాసింది. ఏ కీకి కట్టుకోవాలని అడిగింది. ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్న కీలను ఈమ్యాక్స్ తనకోసం వాడుకోకుండా వాడేవాళ్ళ కోసం వదిలిపెట్టింది, కంట్రోల్-సీ తర్వాత ఒక మామూలు అక్షరం కూడా అలాగే. ఆ మాట చెప్పాను. "అంటే ఇది నాదేనాండి?" అంది. అవునన్నాను. ఎఫ్5కి కట్టుకుంది.

ఆఖరి అడుగు పాఠాన్నే మార్చడం. టిక్కు పడ్డప్పుడు కింద వచ్చే మాటను నేను "సరిగ్గా చేశారు" అని పెట్టాను. ఆ మాట ఏ ఫైలులో, ఏ లైనులో ఉందో అడిగి కనుక్కుని, తమకు నచ్చినట్టు మార్చి, నడిపి చూడాలి. కంట్రోల్-హెచ్‌తో వాళ్ళే వెతుక్కున్నారు. ఒకరు పవన్ కల్యాణ్ సినిమా డైలాగు పెట్టారు, ఒకరు క్రికెట్ కామెంటరీ పెట్టారు. ఆ అమ్మాయి "అయిపోయిందండీ" అని పెట్టింది. నా మాటకన్నా అదే బాగుంది. ఇప్పుడు ల్యాబులో ఉన్న కాపీలో, కొత్త బ్యాచ్‌కి కంట్రోల్-జెడ్ దిద్దుకోగానే కింద వచ్చే మాట అదే.